కందనవోలి పతనము – యుద్ధకాలవాక్యముల బలము

క్రీ. శ. 1839వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన కందనవోలికి సమీపమున, హంద్రినది కావలనున్న జోరాపురమువద్ద ఒక చిన్నపోరు జరిగెను. కంపెనీవారి దండు కొలఁదిసేపటిలోనే జయించెను. నవాబు గులాం రసూల్ ఖాను పట్టువడెను. దానితోఁ గందనవోలి పఠాను నవాబుల యేలుబడి ముగిసి, రామళ్లకోట, నందికొట్కూరు, నంద్యాల, శిరివెళ్ల యను నాలుగు తాలూకాల సీమ కంపెనీవారి వశమయ్యెను. పోరు చిన్నది, దానికి ముందు రెండేండ్లపాటు సిమ్లానుండి చెన్నపట్టణమువఱకు నడచిన మాటలు పెద్దవి.

ఈ పతనమునుగూర్చి రెండు కథలు వాడుకలో నున్నవి. మొదటిది కంపెనీ యుద్యోగుల కాగితములలోనిది. నవాబు ఇంగ్లీషువారిపై మతయుద్ధమునకు సన్నాహము చేసెను, ఆయుధములు దొరికెను, దండు నడచెను, రాజ్యము పోయెను. రెండవది తరువాతివారి దేశాభిమానమునుండి పుట్టినది. నవాబు 1857నకుఁ బదునెనిమిదేండ్లకు ముందే స్వాతంత్ర్యమునకై కత్తి దూసిన వీరుఁడు. విచిత్రమేమనఁగా, రెండు కథలకును ముఖ్యసాక్ష్య మొక్కటియే: కోటలో దొరికిన ఆయుధములు. ఒకే సాక్ష్యము పరస్పరవిరుద్ధములైన రెండు స్వభావముల కథలకు ఎట్లు చాలెనో విచారింపవలసియున్నది. ఆ విచారమున యుద్ధకాలమునందు ప్రచారము జనుల నెట్లు నమ్మించునో కొంత తెలియును.

ప్రొపగాండా యను మాట లాటినుభాషలోనిది. 1622లో పదునైదవ గ్రెగొరీ పోపు తన మతమును దూరదేశములలో వ్యాపింపఁజేయుటకై యేర్పఱచిన సంఘము పేరులో ఈ మాట కలదు. మొక్కల యంటులు నాటి పెంచుట దాని ధాత్వర్థము. వ్యాకరణము చదివినవారి కిం దొక విశేషము తోఁచును. ఆ రూపము మన కృత్యప్రత్యయాంతములవంటిది. కర్తవ్యము, కరణీయము అన్నట్లు ‘వ్యాపింపఁజేయవలసినది’ యని దాని యర్థము. ఆ పదములోనే విధి యిమిడియున్నదన్నమాట. మన ప్రచారశబ్దమున కట్టి విధ్యర్థము లేదు. సంస్కృతమున అది సంచారము, వ్యవహారము. పశువులు మేయు బీడునుగూడ ప్రచారమందురు. కౌటిల్యుని రెండవ యధికరణమునకు అధ్యక్షప్రచారమని పేరు. అచ్చట అది ఉద్యోగుల వ్యవహారము మాత్రమే. ఇప్పటి యర్థము దానికి ఆధునికకాలమున వచ్చినది. కాని పసులబీడు అర్థముకూడ ఈ సందర్భమునకు మఱీ దూరము కాదు.

పదము క్రొత్తదైనను పని క్రొత్తది కాదు. ఆర్. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున సాంగ్రామికమను పదవ యధికరణమును జూచినచో, యుద్ధమునకు ముందు సూతమాగధులు శూరులకు స్వర్గమును, భీరువులకు స్వర్గహానిని వర్ణింపవలెనని యున్నది. పదుమూఁడవ యధికరణము మొదట ఇంకను సూక్ష్మమైన యుపాయము చెప్పఁబడినది. శత్రువు గ్రామమును గొనఁదలఁచిన రాజు, తాను సర్వజ్ఞుఁడననియు దేవతలతో సంబంధము గలవాఁడననియు చాటింపవలెను. అందువలనఁ దనవారికి ఉత్సాహము, పరులకు భయము కలుగును. సర్వజ్ఞత యెట్లు వచ్చును? గూఢచారులవలనఁ దెలిసికొన్న రహస్యములను దివ్యజ్ఞానమున నెఱిఁగినట్లు బయటఁబెట్టుటవలన. దైవసంబంధ మెట్లు కనఁబడును? సొరంగమార్గమున దేవతాప్రతిమలలోఁ బ్రవేశించిన మనుష్యునితో రాజు సంభాషించుటవలన. కౌటిల్యుఁడు దీనిని సిగ్గులేక వ్రాసెను. తరువాతి రాజ్యములు ఇదే చేసి వేఱుపేరు పెట్టినవి.

కౌటిల్యుఁడు చెప్పినది పలుకువాని యుపాయము. వినువాని మనస్సున నేమి జరుగునో చెప్పినవారు శాబ్దికులును, నైయాయికులును, మీమాంసకులును. వాక్యమువలన అర్థజ్ఞానము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములని వారి మతము. తాత్పర్యజ్ఞానమునుగూడఁ గొందఱు చేర్చిరి. ఆవు, గుఱ్ఱము, ఏనుఁగు అని వరుసగాఁ బలికినచో వాక్యము కాదు, ఒకదానికి మఱియొకటి కావలయునను ఆకాంక్ష లేదు గనుక. నిప్పుతోఁ దడుపుచున్నాఁడన్నచో యోగ్యత లేదు. ఒక పదము నేఁడును, రెండవపద మెల్లుండియు పలికినచో సన్నిధి లేదు. ఇవి బాలురకుఁగూడఁ దెలిసిన యుదాహరణములే. వీనికంటె ప్రకృతమున కుపయోగించునది అధ్యాహారవిచారము. ఒకఁడు ‘తలుపు’ అని మాత్రము పలికి యూరకుండును. విన్నవాఁడు ‘మూయుము’ అను క్రియను దానే తెచ్చుకొనును. తెచ్చుకొనునది శబ్దమా, అర్థమా యని భాట్టులకును బ్రాభాకరులకును వివాదము. ఆ వివాద మటుండనిండు. బయట గాలివాన యున్నప్పుడు ‘తలుపు’ అన్నచో మూయుదురు. చుట్టము వచ్చి పిలిచినప్పుడు అదే ‘తలుపు’ అన్నచోఁ దీయుదురు. పలికినవాని మాట యొక్కటే. క్రియ వినువాని పరిస్థితినిబట్టి వచ్చును. యుద్ధకాలమున ప్రభుత్వములు పలుకునవి తఱచుగా ఇట్టి ‘తలుపు’ వాక్యములు. క్రియను వినువాఁడే పూరించును గాన, అది తన స్వంతనిశ్చయమే యని యతఁ డనుకొనును.

ఇఁక 1838వ సంవత్సరమునకు వత్తము. ఆ యేఁటి అక్టోబరు 1వ తేదీన గవర్నరు జనరలు ఆక్లండు ప్రభువు సిమ్లానుండి యొక ప్రకటన గావించెను. కాబూలు పాలకుఁడైన దోస్తు మహమ్మదు నిష్కారణముగా రంజిత్ సింగుపై దండెత్తెననియు, పారసీకులు హీరాటును ముట్టడించి హిందూదేశము దిక్కునకుఁ జూచుచున్నారనియు, కావునఁ బదభ్రష్టుఁడైన షా షుజాను మరల కాబూలుగద్దె యెక్కించుట క్షేమమనియు దాని సారము. దాని వెనుక నున్న భయము రుష్యా. పారసీకుల వెనుక రుష్యావారున్నారని ఇంగ్లీషువారి నమ్మకము.

ఈ ప్రకటనయందలి వాక్యరచన వైయాకరణులు చూడఁదగినది. కాబూలు కందహారుల నేలు బారక్జయీ సర్దారులు మైత్రికిఁ దగినవారు కారని, ఆ దేశమును జూచివచ్చిన అధికారులవలన స్పష్టముగా నిశ్చయింపఁబడినదఁట. షా షుజాయందుఁ బ్రజలకుఁ బ్రీతి గలదని ప్రామాణికుల యేకగ్రీవసాక్ష్యమున నిరూపింపఁబడినదఁట. అంతయుఁ గర్మణిప్రయోగము. నిశ్చయించిన కర్త యెవ్వఁడు? కాబూలునకు దూతగాఁ బోయివచ్చినవారిలో ముఖ్యుఁడు అలెగ్జాండరు బర్న్స్. అతఁడు దోస్తు మహమ్మదుతోనే మైత్రి చేసికొనుట మేలని వ్రాసినవాఁడు. 1839లో పార్లమెంటు ముందుంచిన కాగితముల సంపుటమున, నీలిపుస్తకమని వాడుక గలదానిలో, బర్న్స్ లేఖలలోని యట్టి భాగములు తీసివేయఁబడినవి. మిగిలినదానిని జదివినవారికి బర్న్స్ కూడ యుద్ధమునే కోరినట్లు తోఁచును. ఒక్క యక్షరమైనను గ్రొత్తగాఁ జేర్పలేదు. కొన్నిటిని దీసివేసిరి, అంతే. లోపము చేసి రూపమును సిద్ధింపఁజేయుట వ్యాకరణమున సాధువు. రాజపత్రములలో నది కాదు. చరిత్రకారుఁడు జాన్ కే 1851లో ఈ కత్తిరింపును బయటఁబెట్టెను. 1859లోఁ గాని పూర్తిపాఠము పార్లమెంటుకుఁ జేరలేదు. బర్న్స్ అప్పటికిఁ బదునెనిమిదేండ్ల క్రిందటనే, 1841 నవంబరులో, కాబూలున హతుఁడయ్యెను.

ఇంకొక సంగతి. ప్రకటన వెలువడునప్పటికే, అనఁగా 1838 సెప్టెంబరు 9వ తేదీననే, పారసీకులు హీరాటు ముట్టడి నెత్తివేసి వెడలిపోయిరి. ఆ వార్త వచ్చిన తరువాత నవంబరులో ఆక్లండు మఱియొక యుత్తరువు చేసి, యుద్ధయాత్ర యాగదని తెలిపెను. హేతువు పోయినను సాధ్యము నిలిచెను! తర్కవిద్యార్థి యిట్లు వాదించినచో గురువు చెవి మెలిపెట్టును. కాని దండు సిద్ధమైనది; రుష్యాభయము ఇంగ్లండులోని యింటింట నాటుకొన్నది; ఆకాంక్ష యింతగా నున్నప్పుడు హేతువు లేకపోవుట యెవ్వరికిని గొఱఁతగాఁ దోఁపలేదు. 1839 ఏప్రిలులో కందహారు, జూలైలో గజనీ, ఆగస్టులో కాబూలు పట్టువడినవి. కాబూలు పట్టువడిన రెండు నెలలకుఁ గందనవోలు పట్టువడెను. ఈ రెంటికిని నడుమ నున్న సంబంధమును జూడక కందనవోలి చరిత్రను వ్రాయుట సాధ్యము కాదు.

కందనవోలి సీమ 1800లో నిజాము దత్తమండలములతోఁ బాటు కంపెనీవారి యాధిపత్యము క్రిందికి వచ్చినది. నవాబు కప్పము చెల్లించుచుఁ దన సీమను దానే యేలుకొనుచుండెను. 1815లో ఆలఫ్ ఖాను మరణించినప్పుడు వారసత్వపు తగవు వచ్చి, కంపెనీ దండు మునవ్వర్ ఖానును గద్దె యెక్కించెను. 1823లో అతఁడును మరణించెను. తరువాతివాఁడు ముజఫర్ ఖాను. అతఁడు భార్యను జంపెననుటచే అతనిని బళ్లారికోటలో బంధించి, తమ్ముఁడైన గులాం రసూల్ ఖానును నవాబును జేసిరి. కంపెనీవారు నిలిపిన నవాబునే కంపెనీవారు పదునాఱేండ్లకు పడఁద్రోసిరి.

ఈతని పాలన మంచిదని చెప్పుటకు వీలులేదు. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు వెడలి ఈ సీమగుండ శ్రీశైలమునకుఁ బోయిరి. యాత్రికులయొద్ద కందనూరి నవాబు పన్నులు గొనుటయు, ఆలయమునకుఁ జేయించునది లేకుండుటయు వారి గ్రంథమునఁ గానవచ్చును. ఆ కాశీయాత్రచరిత్ర చెన్నపట్టణమున అచ్చుపడినది సరిగా 1838లోనే. కావున నవాబునుగూర్చి యొక చెడుమాట వినఁబడినచో, ‘అట్టివాఁడు గాఁబోలు’ ననుకొనుటకుఁ దగిన యోగ్యత ముందే కలదు. కట్టుకథకు నిజమైన పునాది యుండుట ప్రచారమునకుఁ గలిగిన గొప్పబలము. పన్నులు గొన్నమాట నిజము. పన్నులు గొన్నవాఁడు కుట్రయుఁ జేసియుండుననుట అధ్యాహారము.

నందికొట్కూరు నాఁడు వార్తలు నడచు త్రోవలోని యూరు. కందనవోలినుండి ఆత్మకూరు, నాగలూటిమీఁదుగా శ్రీశైలమునకుఁ బోవు యాత్రికులు ఈ దారినే పోవుదురు. ఉత్తరమునఁ దుంగభద్రాకృష్ణల సంగమము, తూర్పున నల్లమల. శివరాత్రికి వచ్చు జంగములు, బైరాగులు, ఉప్పు ధాన్యములు మోయు లంబాడీలు, ఫకీరులు: వీరే నాఁటి పత్రికలు. తెలుఁగున వార్తాపత్రిక పల్లెలకు వచ్చు కాల మింకను దూరమున నున్నది. తెచ్చినవాఁడు సాధువైనచో వార్త యాప్తవాక్యమగును. అందుచేతనే కంపెనీవారికి ఫకీరులనఁగా వెఱపు. గూఢచారులను సన్న్యాసివేషమునఁ బంపుమని కౌటిల్యుఁడు వ్రాసియుండఁగా ఆ వెఱపు నిష్కారణమని యనరాదు. కాని తిరుగుచున్న ప్రతిసాధువును గూఢచారి యగుననుట వ్యాప్తిదోషము.

1838లో హైదరాబాదునకు రెసిడెంటుగా వచ్చినవాఁడు జేమ్స్ స్టువర్టు ఫ్రేజరు. ఉత్తరదేశమున సయ్యద్ అహమ్మదు బరేల్వీ సిక్కులతోఁ బోరాడి 1831లో బాలాకోటువద్ద మరణించెను. అతని శిష్యులు కొందఱు దక్కనున మతబోధ చేయుచుండిరి. ఇంగ్లీషువారు వారి నందఱను వహాబీలనిరి. నిజాము నాసిరుద్దౌలా తమ్ముఁడు ముబారిజుద్దౌలా వారిని జేరఁదీసెను. అటఁ గాబూలువైపు దండు నడచుచుండఁగా ఇట దక్కనున నొక పెద్దకుట్ర యున్నదను నమ్మకము ఉద్యోగులలోఁ బెరిఁగెను. రుష్యా, పారసీకము, వహాబీలు, హైదరాబాదు, కందనవోలు— ఈ పదములను ఒక్క లేఖలో వరుసగా వ్రాసినచోఁ జాలును. సన్నిధివలన అన్వయము దానంతట నదియే కుదురును. సంబంధమును జూపు విభక్తి యొక్కటియుఁ గానరాకున్నను జదువువాఁడు సమాసము చేసికొనును. ముబారిజుద్దౌలా 1839లోనే గోలకొండకోటలో బంధింపఁబడి, విచారణసంఘముచే దోషిగా నిర్ణయింపఁబడి, 1854లో ఆ కోటలోనే మరణించెను. నెల్లూరు మండలమున ఉదయగిరి జాగీరుదారు అబ్బాసు ఆలీ ఖానును ఇదే కుట్రలోనివాఁడని చెంగల్పట్టున బంధించి జాగీరును హరించిరి.

గులాం రసూల్ ఖానుపై మోపిన నేరము ఆయుధసంచయము. చెన్నపట్టణపు ప్రభుత్వము దండుతోఁ గూడ విచారణాధికారులను బంపెను. కోటలో, అందును అంతఃపురపు తోటలలో, ఫిరంగులు, తుపాకులు, మందుగుండు దొరికినవి. ఫిరంగులు పోఁతపోయు కర్మశాలలును గనఁబడినవి. ఇది కల్పన కాదు. నవాబు పక్షమును వహించువారు దీనిని దాఁటివేయుట న్యాయము కాదు. కప్పము చెల్లించు చిన్నసంస్థానాధిపతి కింతటి యాయుధశాల యేల యని యడుగుటకు ఎవ్వరికైనను నధికారము గలదు. కాని ఆయుధము నామవాచకము, యుద్ధము క్రియ. అంతఃపురపు గోడలలోని ఫిరంగి యెవరిమీఁదఁ బేలుటకు సిద్ధము చేయఁబడెనో ఫిరంగి చెప్పదు. తలుపు వంటిదే ఫిరంగియు. రుష్యాభయముతోఁ జూచినవారికది మతయుద్ధముగాఁ గనఁబడెను. తరువాతఁ దిరుగుబాటు వీరులను వెదకుచు వచ్చినవారికి స్వాతంత్ర్యసమరముగాఁ గనఁబడెను.

జోరాపురమున జరిగినదానిని గుఱించి యొక్క సంగతి మాత్రము పై రెండు కథలకును లొంగదు. నవాబు కోటను దండునకు విడిచిపెట్టి, తన సైనికులతో, అనఁగా అరబ్బులు, రోహిలాలు, పఠానులతో, జోరాపురమునఁ జేరియుండెను. ఆ సైనికులు తమకు రావలసిన జీతపు బాకీ తీర్చినఁగాని నవాబును విడువమని పట్టుపట్టిరి. మతయుద్ధమునకుఁ గంకణము గట్టిన సేన జీతపులెక్కకై రాజును బట్టియుంచునా? స్వాతంత్ర్యసమరవీరులు బాకీ చెల్లింపు మని బేరమాడుదురా? బాకీపడిన కూలివాండ్ర దిగులు ఈ పోరులో నెంతటి పాలు గలదో ఆలోచించినవారికి, సిమ్లానుండి వచ్చిన పెద్దమాట లన్నియు జోరాపురమునకు వచ్చుసరికి ఎంత చిన్నవైనవో తెలియును. అయినను పోరినవారు ధైర్యముగానే పోరిరి. ఇరువైపులను జనులు చచ్చిరి.

నవాబును దిరుచిరాపల్లికిఁ బంపిరి. 1840లో అచ్చటనే అతఁడు హత్యచేయఁబడెను. క్రైస్తవులతో మెలఁగి ఆ మతమువైపు మొగ్గెనను వదంతియే చంపినవానిని బురికొల్పెనని చెప్పుదురు. అదియే నిజమైనచో దీనికంటె దారుణమైన దృష్టాంతము వెదకఁబనిలేదు. ఒక యేఁడు ఇస్లామునకై కత్తి దూసినవాఁడను మాటచే రాజ్యము పోయెను. మఱుసటి యేఁడు ఇస్లామును విడిచినవాఁడను మాటచేఁ బ్రాణము పోయెను. మనుష్యుఁ డొక్కఁడే. రెండు మాటలును సిద్ధమైన చెవులనే వెదకికొని పోయినవి.

ఈ కుట్రనుగూర్చి చంద్ర మల్లంపల్లి 2017లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. ఉద్యోగుల భయము సాక్ష్యమును మించి పోయినదని వారి విచారము. దక్కనున ముసల్మానుల కుట్ర యొకటి యుండెనా యని గ్రంథముపేరే ప్రశ్నార్థకముతో ముగియును. 1839 నాఁటి లేఖలలో నా చిహ్న మొక్కటి యుండినచో నెంత మేలై యుండెడిది!

కందనవోలు పోయిన యేడేండ్లకు, దక్షిణముననున్న కోయిలకుంట్లలో, మాటకు బదులు తలచేతనే ప్రకటన చేయింప కంపెనీవారు పూనుకొనిరి. అప్పటికిఁ గోయిలకుంట్ల కడపమండలములోనిది. పాళెగారు వంశమువాఁడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ యిచ్చు భత్యము నెలకు పదునొకండు రూపాయల పదియణాల యెనిమిది పైసలు. ఇనాములు పోయిన కట్టుబడివారును, ఇతరులును అతనిఁ జేరిరి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపైఁ బడిరి. అక్టోబరు 6వ తేదీన అతఁడు పట్టువడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన బహిరంగముగా నురిదీసి, తలను కోయిలకుంట్లలో ఎత్తుగా వ్రేలాడఁదీసిరి. అది 1877వఱకు, ముప్పదియేండ్లు, అచ్చటనే యుండెను.

ఆ తలయొక్క తాత్పర్యము ప్రభుత్వమువారి దృష్టిలో విస్పష్టము: ఇట్లు చేసినవాని కిట్లగును. కౌటిల్యుఁడు చెప్పిన పరపక్షోద్వేజనము, అనఁగా ఎదిరివారిని భయపెట్టుట, ఇదియే. ఐనను ఫలము వేఱుగా వచ్చినది. రేనాటి పల్లెలలో నరసింహారెడ్డిపై పాటలు పుట్టినవి. గాయకులు వానిని తరతరములు పాడిరి. కోయిలకుంట్ల సంతకు వచ్చిన రైతు తల నెత్తి చూచును. ‘ఇట్లు చేసినవాని కిట్లగును’ అని ప్రభుత్వము పలికించిన వాక్యమున ‘ఇట్లు చేసినవాఁడు’ అను భాగమే అతని మనసునఁ బట్టును. ఉద్దేశ్యము మిగిలి, విధేయము జాఱిపోయెను. 1847లో భయపడినవానికి 1860లో మనుమఁడు పుట్టి, ‘అదేమి తాతా’ యని యడిగినచో తాత యేదో యొక కథ చెప్పవలసివచ్చును గదా. తలను దించివేసియున్నచో నడుగువాఁడు లేకపోవును. ముప్పదియేండ్లపాటు ప్రతిదినమును జనులకాకాంక్ష పుట్టించినవారు కంపెనీవారే. దానిని దీర్చినవారు పాటగాండ్రు. ఆ పాటలలో నెంత చరిత్ర, ఎంత కల్పన యనునది వేఱువిచారము. పాటయుఁ బ్రచారమే. దానికిఁ గోటయు, ముద్రణాలయమును, సైన్యమును లేవు. ఆప్తుని కంఠ మొక్కటి యుండెను.

ఇరువదవ శతాబ్దమున యంత్రములు మాఱినవి. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మనునౌక చెన్నపట్టణముపై గుండ్లు పేల్చి నూనెతొట్లను దగులఁబెట్టెను. పేల్చినది కొన్ని నిమిషములే. కాని జనులు మూటలు గట్టికొని నగరము విడిచిరి. ఆ నౌకపేరు తమిళదేశమున మాయలమారి జిత్తులవానికి పేరై నిలిచిపోయినది. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపానువారి బాంబులు పడినవి. నష్టము స్వల్పము. వదంతులను వ్యాపింపఁజేయుట దండనార్హమని అప్పటికే దేశరక్షణ నిబంధనలు చాటుచుండెను. చెన్నపట్టణమున 1938నుండి రేడియో కేంద్రమును గలదు. కాని యంతలో జపాను నౌకాదళము చెన్నపట్టణముమీఁదికి వచ్చుచున్నదను సమాచారము రాఁగా, ప్రభుత్వము దానిని నమ్మి, నగరమున నవసరములేనివారు వెడలిపోవుట మేలని తానే చాటెను. నౌకాదళము రాలేదు. రైళ్లు మాత్రము క్రిక్కిఱిసి కడపకును, బళ్లారికిని, ఇతరమైన లోపలిసీమలకును జనులను మోసినవి. ఇఱుగుపొరుగువారి వదంతికి దండన విధించిన చేతులే పెద్దవదంతికి ముద్ర వేసినవి. నిన్నటివఱకు ‘భయములేదు’ అని పలికినవాఁడు నేఁడు ‘పొండు’ అన్నచో, విన్నవాఁడు రెండవదానినే నమ్మును. దాఁచిపెట్టినవాని నోటినుండి జాఱిన మాటకు విలువ యెక్కువ. యుద్ధవార్తలను మఱుఁగుపఱచిన కొలఁది జనులకుఁ దెలియఁగోరిక పెరుఁగును. జర్మనీనుండియు, టోకియోనుండియు వచ్చు రేడియోప్రసంగములను తలుపులు బిగించికొని వినినవారి సంఖ్య పెరుఁగుటకును ఇదియే కారణము. శత్రువు చెప్పినది సత్యమని వారి నమ్మకము కాదు; తమవారు చెప్పనిది అందున్నదని వారి నమ్మకము.

కందనవోలి సీమ 1858లో పత్తికొండ, కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము తాలూకాలతోఁ జేరి కర్నూలు మండలమైనది. 2022లో నందికొట్కూరును, కోయిలకుంట్లయును క్రొత్తగా నేర్పడిన నంద్యాల మండలమునఁ జేరినవి. ఒకనాఁడు ఫకీరులును, జంగములును వార్తలు మోసిన నందికొట్కూరు త్రోవలో గులాం రసూల్ ఖానును దేశభక్తుఁడనువారును, దేశద్రోహియనువారును నేఁడును గలరు. అతని యాయుధశాల పట్టిక యెదుట నుంచికొని యిరువురును జదువవచ్చును. పట్టికలో క్రియాపదములు లేవు.

ముజఫర్ ఖాను సంగతి మిగిలినది. గులాం రసూలునకు ముందు నవాబు కావలసినవాఁ డతఁడే. భార్యను జంపెనన్న నేరమున 1823లో బళ్లారికోటలో బంధింపఁబడి, తమ్ముని రాజ్యము పోయిన తరువాతను, తమ్ముఁడు తిరుచిరాపల్లిలో హతుఁడైన తరువాతను, అతఁడా కోటలోనే బ్రదికి చెఱయందుండెను. ఆ స్త్రీ చావునుగూర్చి సిమ్లాలో నెవ్వరును బ్రకటన చేయలేదు. రేనాటిలో నెవ్వరును బాట కట్టలేదు.